సగం సాక్ష్యం

తడిసిన దుప్పటికి దయాదాక్షిణ్యాలుండవు. పొడిగా ఉన్నప్పుడు చంటిబిడ్డలా ఒళ్ళో ఒదిగిపోయే గుడ్డ, నీళ్ళు తాగిందంటే పగబట్టినట్టు మనిషిని కిందికి లాగుతుంది. ఆస్పత్రి సెల్లార్‌లోని ఉతుకుడు గదిలో ఈ సంగతి అందరికన్నా బాగా ఎరిగినది స్తోత్రమ్మ. అది ఆమె అసలు పేరు కాదు. మూట నెత్తికెత్తుకునేటప్పుడు ఒకసారి, దించేటప్పుడు ఒకసారి 'స్తోత్రం' అంటుంది కనుక ఎవరో వేళాకోళానికి పెట్టిన పేరు. వాడుకలో అరిగి అరిగి చివరికి మర్యాదైన పేరుగానే స్థిరపడిపోయింది.

ఉతికిన దుప్పట్లు ఆరాలంటే మేడ మీదికి చేరాలి. సెల్లార్ నుంచి మేడ దాకా నూట పన్నెండు మెట్లు. సామాన్ల లిఫ్టు ఒకటి ఉంది గాని, నాలుగు నెలల క్రితం ఒక ఉదయం రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ నడుమ కీచుమని ఆగి, ఇక కదలలేదు. దాని తలుపుకు అడ్డంగా ఒక బల్ల పెట్టారు. కొద్ది రోజులకు ఆ బల్ల మీద ఎవరో పూలకుండీ కూడా పెట్టడంతో, లిఫ్టు బాగుపడుతుందన్న ఆశ చూసేవాళ్ళందరికీ ఒక్కసారే పోయింది.

అప్పటినుంచీ రోజుకు ఇరవై నాలుగు మూటలు మనుషులే మోస్తున్నారు. పది మూటలు వార్డుల్లో పనిచేసే ఇద్దరు మగవాళ్ళు వచ్చి పైకి చేరవేసి వెళ్తారు. మిగిలిన పద్నాలుగూ స్తోత్రమ్మవి.

ఆమె ఎక్కే తీరును బాయిలర్ బాబాయ్ చాలాకాలంగా గమనిస్తున్నాడు. బాయిలర్ దగ్గర ముప్ఫై ఏళ్ళుగా ఉన్న మనిషి. ఆవిరి పీడనం చూపే ముల్లును తప్ప దేన్నీ నమ్మనని చెప్పుకుంటాడు. దేన్నైనా కొలవకుండా వదిలిపెట్టడం అతని స్వభావంలో లేదు. ఒక శనివారం ఉదయం ఆమె మూటను బట్టలు తూచే కాటా మీద పెట్టించాడు.

"పొడిగా ఉన్నప్పుడు తొమ్మిది కిలోలు. ఇప్పుడు ఇరవై ఒకటి. అంటే పన్నెండు కిలోలు వట్టి నీళ్ళేనన్నమాట. ఆ పిండే యంత్రం సరిగ్గా పిండితే ఇందులో సగం నీళ్ళు ఇక్కడే కాలవలో పోయేవి. ఎండకు ఆవిరైపోయే నీళ్ళని మేడ దాకా మోసుకెళ్తున్నావు అమ్మాయ్."

"మోయించేవాడు మోయిస్తున్నాడులే బాబాయ్."

"అదీ కనిపెట్టాను. నువ్వు నాలుగు మాటలు అనుకుంటావు. ప్రభువా, ఇంకొక్క, మెట్టు, చాలు. మెట్టుకో మాట. మాట పూర్తయ్యేలోపు ఊపిరి వదులుతున్నావు. ఆ మగవాళ్ళు ఊపిరి బిగబట్టి ఎక్కి, పైన కుక్కల్లా రొప్పుతారు. నీది లెక్క ప్రకారం పోతోంది. ఇందులో దేవుడి పనేం లేదు, ఊపిరితిత్తుల పని."

"ఊపిరితిత్తులెవరు చేశారు?"

"మా అమ్మ."

"మీ అమ్మనో?"

"అలా వెనక్కి పోతూ కూర్చుంటే నా డ్యూటీ అయిపోతుంది. పో పో, మూట నీళ్ళోడుతోంది."

ఆమె నవ్వి, తలపాగా సర్దుకుని, మూట ఎత్తుకుంది. ఇరవై ఎనిమిదిసార్లు ఆ నాలుగు మాటలూ తిరిగితే మేడ. బాబాయ్ చెప్పినట్టు అది ఊపిరి కిటుకే కావచ్చు. కాని ఊపిరికి లొంగనిది ఒకటుంది, దాన్ని అతని కాటా తూచలేదు. ఆ మెట్ల మీద ఆమె ఒంటరిగా లేదని ఆమెకు అనిపించేది. సాయంత్రం గదికి వెళ్ళి తాళం తీస్తే పొద్దున కడిగి బోర్లించిన గ్లాసు బోర్లించినట్టే ఉండే మనిషికి, ఒక్కో మెట్టు మీదా ఎవరో పక్కన నడుస్తున్నారన్న భావన చిన్న విషయం కాదు.

అయితే తొమ్మిదో మూట దించి వచ్చేటప్పుడు మాత్రం మరొకటి జరిగేది. మూడో అంతస్తు మలుపులో, ఎవరికీ కనిపించని మూల, ఆమె గోడకు వీపు ఆనించి నేల మీద కూలబడేది. తొడలు వాటంతటవే వణికేవి. అరచేతులతో అదిమి పట్టుకున్నా ఆగేవి కావు. ఒక్కోరోజు కళ్ళలో నీళ్ళు తిరిగేవి, ఒక్కోరోజు ప్రభువు మీదే చెప్పరాని కోపం వచ్చేది. కొంచెంసేపటికి లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, కిందికి దిగేది. ఈ సంగతి ఎవరికీ తెలియదు.

*

ఆదివారం మందిరంలో పాటలయ్యాక పాస్టరుగారు, "ఈ వారం ప్రభువు చేసిన మేలు ఎవరైనా చెప్తారా?" అని అడిగారు.

సాక్ష్యానికి ఒక అచ్చు ఉంటుంది. మొదట కష్టం, తర్వాత ప్రార్థన, చివర విజయం. ఆ అచ్చులో పట్టని మాటలను చెప్పేవాళ్ళే ముందుగా కత్తిరించుకుని వస్తారు. అది అబద్ధమాడటమని ఎవరూ అనుకోరు. పెళ్ళికి వెళ్ళేటప్పుడు చిరుగులేని చీర కట్టుకున్నట్టే అది. పదకొండేళ్ళుగా వెనక బెంచీలో కూర్చుని ఇతరుల సాక్ష్యాలు విన్న స్తోత్రమ్మ ఆ రోజు ఎందుకు లేచి నిలబడిందో ఆమెకే తెలియదు. బహుశా ఆ వారంలో బాబాయ్‌తో తప్ప ఎవరితోనూ నాలుగు మాటలు వరసగా మాట్లాడకపోవడం వల్లనేమో.

"స్తోత్రం. నేను ఆస్పత్రిలో బట్టలు మోస్తాను. లిఫ్టు పాడై నాలుగు నెలలైంది. ఒక్కో మూట ఇరవై ఒక్క కిలోలట, తూచి చెప్పారు. రోజుకి పద్నాలుగు మూటలు. నా వయసుకి నావల్ల అయ్యే పనా అది? మెట్టు మెట్టుకీ ప్రార్థన చేస్తాను. మెట్టు మెట్టుకీ బలం ఇస్తాడు. లిఫ్టు పాడైతేనేం, ప్రభువే నా లిఫ్టు!"

మందిరమంతా ఘొల్లున నవ్వి, చప్పట్లు కొట్టింది. పాస్టరుగారు ఆ మాటను రెండుసార్లు తిప్పి చెప్పారు. ఆరాధన ముగిశాక, పేరైనా తెలియని ఆడవాళ్ళు వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు. వాళ్ళల్లో ఒకావిడ అరచేతిలోని కాయలు చూసి ముద్దు పెట్టుకుంది. "వచ్చే వారం మా పక్కన కూర్చో అక్కా, రెండో వరసలో" అంది మరొకావిడ. ఆస్పత్రి కార్యదర్శిగారు ఆ సంఘంలో పెద్ద. ఆయన కూడా దూరం నుంచి తల పంకించి, "మా ఆస్పత్రికే గర్వకారణం అమ్మా" అన్నారు.

ఆమె గదికి నడిచి వెళ్తూ, తన చేతులను తానే రెండుసార్లు చూసుకుంది.

*

సోమవారం ఉతుకుడు గది తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. బాబాయ్ కళ్ళజోడు పైకి తోసుకుని గట్టిగా చదివాడు. మోతకు వచ్చే ఇద్దరు మగవాళ్ళనూ వార్డులకు తిరిగి పంపుతున్నారు. ఆ పది మూటలూ ఇకనుంచి మడతల వదిన మోయాలి. లిఫ్టు మరమ్మతు ప్రతిపాదన అవసరం లేనందున, శుక్రవారం జరిగే కమిటీ సమావేశంలో దాన్ని ఉపసంహరించుకుంటారు.

"అవసరం లేనందునా? ఎవరికి అవసరం లేదంట?" అంది మడతల వదిన. ఆరిన దుప్పట్లు మడతపెట్టడం ఆమె పని. ఎడమ తుంటిలో నొప్పి ఉంది కనుకే ఆమెకు కూర్చుని చేసే పని ఇచ్చారు.

మందిరంలో జరిగింది ఆస్పత్రికి చేరడానికి ఒక్క పూట పట్టలేదు. వార్డు ఆయా ఒకతె ఆ మందిరానికే వస్తుంది. పది గంటలకల్లా అందరి నోటా అదే మాట. వదిన మొదటి మూట మేడకు చేర్చి, రెయిలింగు పట్టుకుని ఒక్కో కాలూ ఈడ్చుకుంటూ దిగి వచ్చేసరికి, స్తోత్రమ్మ ఎదురువెళ్ళి, "నీవి కూడా రెండు నేను మోస్తాలే వదినా" అంది.

వదిన ఆమె ముఖంలోకి చూడకుండా పైట దులుపుకుంది.

"నీకేం తల్లీ. నీ ప్రభువు నీకు లిఫ్టు ఇచ్చాడు, మాకు మెట్లు ఇచ్చాడు."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. అసలు శిక్ష అదే. మధ్యాహ్నం డబ్బాలు విప్పేటప్పుడు రోజూ నలుగురు కూర్చునే చాప మీద ముగ్గురు కూర్చున్నారు. నాలుగో మనిషికి చోటు లేకుండా కాళ్ళు చాపుకున్నారు. స్తోత్రమ్మ పిండే యంత్రం పక్కన బకెట్టు బోర్లించి కూర్చుని తింది.

నాలుగింటికి దుప్పట్లు మడతపెట్టే వేళ. పొడుగాటి దుప్పటిని మడవాలంటే ఇద్దరు కావాలి. చెరొక అంచూ పట్టుకుని, ఒక్కసారి గట్టిగా దులిపి, ఎదురెదురుగా నడిచి వచ్చి, మూలకు మూల కలపాలి. ఆ కలిపే చోట చేతులు తగులుతాయి. ఇన్నేళ్ళుగా తన పని అయ్యాక స్తోత్రమ్మ ఆ రెండో అంచు పట్టుకునేది. ఆ రోజు కూడా వెళ్ళి అంచు అందుకోబోయింది. వదిన దుప్పటిని తన వైపు లాక్కుని, ఒక కొస గడ్డం కింద అదిమిపట్టి, రెండు చేతులూ బారచాచి, ఒంటరిగా మడతపెట్టుకుంది. అంచులు కుదరలేదు. విప్పి మళ్ళీ మడతపెట్టింది. మళ్ళీ కుదరలేదు. మూడోసారీ ఒంటరిగానే మడతపెట్టుకుంది.

*

బుధవారం వదిన మెట్ల మీద పడలేదు. పడి ఉంటే ఏదో ఒకటి జరిగేది. ఆమె నాలుగో మూటతో రెండో అంతస్తులో ఆగి, మూటను లిఫ్టు ముందున్న బల్ల మీద పూలకుండీ పక్కన దించి, ఆ బల్లకే తల ఆనించి నిలబడిపోయింది. వెనకాలే వస్తున్న స్తోత్రమ్మకు ఆమె వీపు కనిపించింది. రవిక తడిసి వీపుకు అతుక్కుంది. ఎడమ కాలు నేలకు ఆనీ ఆననట్టు వేలాడుతోంది. తొడ కండరం చీర మీది నుంచి కూడా తెలిసేలా అదురుతోంది.

ఆ అదురు స్తోత్రమ్మకు తెలుసు. రోజూ తొమ్మిదో మూట తర్వాత తన అరచేతుల కింద తెలిసేది అదే.

పలకరిద్దామని నోరు తెరిచింది. కాని నెత్తిన మూటతో ఆమెను దాటుకుని పైకి వెళ్ళిపోయింది. నాలుగు మాటలూ వరసగా రాలేదు. 'ఇంకొక్క' దగ్గర నాలుక తట్టుకుంది. ఆ రోజు మూడో అంతస్తు మలుపు చేరేముందే ఆయాసం వచ్చింది.

సాయంత్రం కార్యదర్శిగారు కబురు పంపారు. ఆయన గదిలో ఫంకా చప్పుడు లేకుండా తిరుగుతోంది. ఆమెను కూర్చోమన్నారు. ఆస్పత్రిలో ఎవరూ ఆమెను కుర్చీలో కూర్చోమనడం అదే మొదలు.

"శుక్రవారం కమిటీకి నువ్వు రావాలమ్మా. ఆదివారం చెప్పావే, అదే చెప్పు చాలు. వాళ్ళల్లో కొందరికి విశ్వాసం తక్కువ. వింటే వాళ్ళకీ మేలు జరుగుతుంది."

"లిఫ్టు గురించా అయ్యా?"

"లిఫ్టు గురించి కాదు, ప్రభువు గురించి. ఆ లిఫ్టుకి పెట్టే ఖర్చుతో పిల్లల వార్డుకి మంచాలు వస్తాయి. నీ కష్టం ఎంతమంది పసివాళ్ళకి ఆసరా అవుతుందో చూడు."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. మంచాలు కావాలన్నది నిజమే. ఆయన రోజూ ఉదయం గంటసేపు మోకాళ్ళ మీద ప్రార్థించే మనిషి అన్నదీ నిజమే. అందుకే ఆమె తల ఊపి వచ్చేసింది.

వెళ్తూ బాయిలర్ గది ముందు ఆగింది.

"బాబాయ్, బలం లేదని చెప్తే అది దేవుణ్ణి కాదన్నట్టా?"

ఇలాంటి ప్రశ్న కోసం ముప్ఫై ఏళ్ళుగా ఎదురుచూసిన మనిషి అతను. కాని ఆమె ముఖం చూసి, నాలుక చివరికొచ్చిన ఛలోక్తిని మింగేశాడు. ముల్లు వైపు తిరిగి, అద్దం మీది ఆవిరిని గుడ్డతో తుడిచాడు.

"దేవుడి సంగతి నాకు తెలీదమ్మాయ్. ఇదిగో, ఈ ముల్లు. పీడనం ఎర్ర గీత దాటితే చూపిస్తుంది. చూపించడం బాయిలర్ని తిట్టడం కాదు కదా."

"బాయిలర్‌తో పోలుస్తావేంటి నన్ను?"

"నాకు తెలిసిందదొక్కటే మరి."

గురువారం ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు, ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. పొద్దు వాలకముందే గదికి చేరి, మంచం పక్కన మోకరించి, 'నన్నేం చెప్పమంటావు?' అని అడిగింది. కిటికీలోంచి పక్కింటి గిన్నెల చప్పుడు వినిపించింది. ఎవరో ఎవరినో స్నానానికి రమ్మని కేకేశారు. ఆమె కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నది. తన కోసమని ఏ మాటా రాలేదు. వచ్చే ఆదివారం రెండో వరసలో కూర్చోవలసిన చోటు మాత్రం పదే పదే కళ్ళ ముందు మెదిలింది. అరచేయి ముద్దు పెట్టుకున్న ఆవిడ పక్కన, పాటల పుస్తకం చెరో అంచూ పట్టుకుని. సిగ్గు వేసి కళ్ళు తెరిచింది.

*

కమిటీ గదిలో పొడుగాటి బల్ల చుట్టూ ఏడుగురు ఉన్నారు. నడుమ అధ్యక్షురాలు, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న వృద్ధ డాక్టరమ్మ. కార్యదర్శిగారు లేచి, ఆప్యాయంగా, "మా సహోదరి. నాలుగు నెలలుగా ఈవిడే మన లిఫ్టు" అని పరిచయం చేశారు. బల్ల చుట్టూ మెల్లగా నవ్వులు వినిపించాయి.

స్తోత్రమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

"స్తోత్రం" అంది. ఆ తర్వాత రావలసిన మాటలన్నీ ఆదివారం వచ్చినట్టే వరసగా నాలుక మీద నిలిచి ఉన్నాయి. వాటిని వదిలితే చాలు, అవే వెళ్ళిపోతాయి.

"ఆదివారం నేను చెప్పింది నిజమేనండి" అంది. "కానీ సగం."

కార్యదర్శిగారు తలెత్తారు.

"మిగతా సగం ఏంటమ్మా?" అడిగింది డాక్టరమ్మ.

"తొమ్మిదో మూట దించాక మూడో అంతస్తు మలుపులో కూర్చుంటానండి. కూర్చుంటానని కాదు, పడిపోతాను. కాళ్ళు వణుకుతాయి, పట్టుకున్నా ఆగవు. ఒక్కోరోజు ఏడుస్తాను. ఒక్కోరోజు ఆయన్నే తిడతాను. మళ్ళీ లేచి దిగుతాను. నాలుగు నెలల్నుంచీ ఇంతే. మందిరంలో ఆ ముక్క చెప్పలేదు. సాక్ష్యంలో అలాంటివి చెప్పరు కదండీ."

గదిలో ఎవరో కాగితాలు సర్దారు. కార్యదర్శిగారి గొంతు ఇంకా మృదువుగానే ఉంది. నొచ్చుకున్న గొంతు అది. "అంటే ప్రభువు నీకు బలం ఇవ్వలేదంటావా తల్లీ? ఆలోచించి చెప్పు."

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. ఆ ప్రశ్నకు 'ఇచ్చాడు' అంటే లిఫ్టు పోతుంది, 'ఇవ్వలేదు' అంటే తనకున్న ఆ ఒక్క తోడూ పోతుంది. నుదుట చెమట పట్టింది. తుడుచుకోలేదు.

"ఇచ్చాడయ్యా. నాకని ఇచ్చాడు. మీరు దాన్ని ఆస్పత్రికని రాసేసుకున్నారు. మా వదినకి తుంటి నొప్పి. ఆవిడ మందిరానికి రాదు, ప్రార్థన చెయ్యదు. నా సాక్ష్యానికి ఆవిడ మెట్లెక్కుతోంది. ఇలా అవుతుందని తెలిస్తే నేను నోరు విప్పేదాన్ని కాదు."

డాక్టరమ్మ కలం మూత పెట్టి, "తుంటి నొప్పి ఉన్న మనిషిని మోతకెవరు పంపారు?" అని అడిగింది. ఆమె చూపు కార్యదర్శిగారి వైపు తిరిగింది. "లిఫ్టు కాగితాలు ఉపసంహరించుకోవద్దు, నాకు పంపండి. మంచాల సంగతి వేరే చూద్దాం. నువ్వు వెళ్ళమ్మా."

అంతకుమించి ఏమీ తేలలేదు. కాగితాలు చూడటమంటే ఎన్ని నెలలో స్తోత్రమ్మకు తెలియంది కాదు. తలుపు దగ్గర కార్యదర్శిగారు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. చాలా మర్యాదగా ఇచ్చారు. ఆమె ముఖం వైపు మాత్రం చూడలేదు. రెండో వరసలో తన చోటు పోయిందని ఆమెకు అక్కడే తెలిసింది.

*

సెల్లార్‌కు దిగేసరికి మధ్యాహ్నం రెండయింది. మూటలు కొన్ని గోడ వారన నీళ్ళోడుతూ వరసగా ఉన్నాయి. కమిటీ గదికి మంచినీళ్ళు తీసుకెళ్ళిన ఆయా తనకన్నా ముందే దిగినట్టుంది, గదిలో అందరూ ఆమెను చూసి మాట ఆపేశారు. స్తోత్రమ్మ ఎవరివైపూ చూడకుండా మొదటి మూట దగ్గరికి వెళ్ళి, తలపాగా చుట్టుకోబోయింది.

"అది తీసేయ్" అంది మడతల వదిన. సోమవారం తర్వాత ఆమెతో అన్న మొదటి మాట అది. "నెత్తికొద్దు. ఆ చెవి నువ్వు పట్టుకో, ఈ చెవి నేను పట్టుకుంటా. ఇద్దరం ఒక్కొక్కటే మోద్దాం. ఎన్నయితే అన్ని. కాకపోతే కాలేదని చెప్పుకోనీ."

మూట ముడికి రెండు చెవులు. చెరొకటి పట్టుకుని లేపారు. స్తోత్రమ్మ కిందివైపుకు జరిగింది.

"కిందుంటే బరువంతా నీ మీదే పడుతుంది. బాయిలర్ ఆయన చెప్పాడులే. రెండో అంతస్తులో నేను కిందికొస్తా."

"నీ తుంటికి కుదరదు."

"నా తుంటి గురించి కమిటీలో చెప్పావుగా, చాల్లే. నలుగురిలో నా తుంటి పేరెత్తడానికి సిగ్గులేదూ!"

బాయిలర్ గదిలోంచి బాబాయ్ దగ్గు వినిపించింది. అది నవ్వు కూడా కావచ్చు.

ఎక్కడం మొదలుపెట్టారు. వదిన అడుగు చిన్నది. కుడికాలు ఒక మెట్టు ఎక్కి, ఎడమకాలు అదే మెట్టు మీదికి ఈడ్చి, ఒక క్షణం ఆగి, మళ్ళీ కుడికాలు. స్తోత్రమ్మ మొదటి పది మెట్లూ తన పద్ధతిలో వేసింది. మూట వదినకు తగిలి ఊగింది. "నిదానం!" అని వదిన కసిరింది. స్తోత్రమ్మ ఆమె మడమలు చూస్తూ అడుగు కలపడం మొదలుపెట్టింది. కుడి, ఎడమ, ఆగు. కుడి, ఎడమ, ఆగు. ఈ నడకకు ఏ లెక్కా కుదరడం లేదు.

మొదటి అంతస్తు దాటారు. రెండో అంతస్తు దాటారు. మారుదామన్న మాట ఇద్దరూ ఎత్తలేదు. మూడో అంతస్తుకు కొన్ని మెట్ల ముందు వదిన హఠాత్తుగా, "ఆగు" అంది.

మూట మెట్టు మీద దించారు. మూట లోంచి నీళ్ళు మెల్లగా కిందికి, మెట్టు మీంచి మెట్టు మీదికి కారుతున్నాయి. వదిన రెయిలింగు పట్టుకుని ఒకవైపు ఒరిగి కూర్చుంది. కొంచెం తటపటాయించి స్తోత్రమ్మ కూడా ఆ కింది మెట్టు మీద కూర్చుంది. నర్సు ఒకతె వాళ్ళను చూస్తూ దిగిపోయింది. పట్టపగలు, అందరూ తిరిగే చోట, మోత మధ్యలో కూర్చోవడం ఆమెకు ఎన్నడూ అలవాటు లేదు.

"ఏంటి, నోరు కదలట్లేదు? రోజూ ఏదో గొణుక్కుంటావుగా" అంది వదిన ఊపిరి కూడదీసుకుంటూ.

స్తోత్రమ్మ ఉలిక్కిపడింది. కింది నుంచి ఇక్కడిదాకా ఒక్కసారి కూడా అనలేదు. పోగొట్టుకున్న వస్తువును వెతుక్కునేదానిలా కంగారుగా తన లోపలికి చూసుకుంది.

"నీ అడుగుతో కుదరట్లేదు వదినా."

వదిన తుంటిని పిడికిలితో రుద్దుకుంటూ, మూట నుంచి కారుతున్న నీళ్ళను చూస్తూ, ఏ వేళాకోళమూ లేని గొంతుతో అంది:

"అయితే ఆయన్ని కూడా కాసేపు కూర్చోమను."

స్తోత్రమ్మ ఒక క్షణం తర్వాత, కూర్చున్న మెట్టు మీదే, గోడవైపు కొంచెం జరిగింది.